సాహసానికి శిక్షణ తోడైతేనే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను, మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచెత్తాయి. ఏ వరదలోనైనా సహాయక దళాల పడవలు వచ్చేలోగా తొలి సాయం అందేది ఇరుగుపొరుగు నుంచే. అయితే ఈత వచ్చినంత మాత్రాన మరొకరిని ఒడ్డుకు చేర్చలేం. మునిగిపోతున్నవాడు భయంతో మెడ పట్టుకుంటే ఇద్దరి ప్రాణాలకూ ముప్పే. ముందు ఒడ్డు నుంచి తాడో, గాలి నింపిన ట్యూబో విసరాలి. నీటిలోకి దిగడం ఆఖరి మార్గం. ఈ మెలకువలు ఎవరైనా నేర్పితేనే తెలుస్తాయి.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ‘ఆపద మిత్ర’ ఉద్దేశం అదే. 18 నుంచి 40 ఏళ్ల వాలంటీర్లకు 12 రోజులపాటు గాలింపు, రక్షణ, ప్రథమ చికిత్స నేర్పే ఈ పథకాన్ని తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి విస్తరించారు. ‘యువ ఆపద మిత్ర’ పేరుతో ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, స్కౌట్స్ యువతనూ ఇందులోకి తెస్తున్నారు. మంచిదే. కానీ సాధన లేని విద్య నిలవదు. సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకుంటే ముడి వేయడం మరచిన చేతులే మిగులుతాయి. ఏటా తొలకరికి ముందే మండలాల్లో మాక్‌డ్రిల్ జరపాలి. వాలంటీర్ల ఫోన్ నంబర్లు తహసీల్దారు దగ్గరా, లైఫ్ జాకెట్లు ఊళ్లోనూ సిద్ధంగా ఉండాలి. యువత కూడా వరదను సెల్‌ఫోన్‌లో చిత్రీకరించడంతో ఆగక, ఈ శిక్షణకు పేరు నమోదు చేసుకోవాలి.