దాచమని చెప్పి హాస్టల్‌కు పంపకండి



ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వచ్చిందంటే టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల ఇళ్లలో ఒకటే మాట: "ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ అయితేనే చేరు." నేనూ అన్నాను. మా అమ్మాయికి తొమ్మిదో ఏట బయటపడింది. అప్పటి నుంచి రోజుకు నాలుగు సూదులు, అర్ధరాత్రి లేచి వేలు గుచ్చి చూడటం అన్నీ నా పనే. తను ఇంటర్‌లో ఉండగా నేను జ్వరంతో మంచాన పడితే తెలిసింది, అన్నం ముందు ఎన్ని యూనిట్లు వేసుకోవాలో పదహారేళ్ల పిల్లకు తెలియదని. తప్పు నాదే.

ఆ వారం నుంచే లెక్క తనకు వదిలేశాను. కప్పు అన్నానికి ఎంత, పండగనాడు రెండు బూరెలు తింటే ఎంత, అన్నీ తనే చూసుకునేది. మొదట్లో రెండుసార్లు 300 దాటింది. ఒక సాయంత్రం 58కి పడిపోయింది. వణికే చేతులతోనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకుంది. నేను పక్కనే కూర్చున్నాను, చెంచా మాత్రం ముట్టుకోలేదు. ఇలాంటి పొరపాట్లు మనం పక్కనున్నప్పుడే జరిగిపోవాలి.

అసలు నేను రాస్తున్నది ఇంకో మాట కోసం. "ఎవరికీ చెప్పకే, రేపు సంబంధాలు రావు" అని మా అత్తగారు అనేవారు. నేనూ తలూపాను. అలా పెరిగిన ఆడపిల్ల హాస్టల్లో బాత్రూంలో తలుపేసుకుని సూది వేసుకుంటుంది. రాత్రి షుగర్ పడిపోయి మాట తడబడితే, పక్క మంచం పిల్ల నిద్రమత్తనుకుంటుంది. స్పృహ ఉంటే పంచదార నీళ్లు తాగించాలని, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? జేఈఈ మెయిన్ పరీక్ష హాల్లోకి షుగర్ ఉన్నవాళ్లు చక్కెర బిళ్లలు, పండ్లు తీసుకెళ్లొచ్చని నిబంధనల్లోనే ఉంది. జబ్బు దాచుకునే పిల్ల ఆ వెసులుబాటునూ వాడుకోలేదు. తన పని తను చేసుకోవడమంటే, అవసరమైన చోట నోరు తెరిచి చెప్పుకోవడం కూడా. అది నేర్పకుండా ఎన్ని యూనిట్ల లెక్కలు నేర్పినా సగం చదువే.

నిరుడు మా అమ్మాయికి విశాఖలో సీటొచ్చింది. కరెంటు పోతే ఇన్సులిన్ పాడవకుండా ఒక చిన్న మట్టికుండ కూడా సర్దాం. హాస్టల్ గదిలో నేను దుప్పటి పరుస్తుంటే, తను గ్లూకోమీటర్ తెరిచి పక్క మంచం అమ్మాయికి స్ట్రిప్ ఎలా పెట్టాలో చూపిస్తోంది. ఆ అమ్మాయి తన వేలే చాపి, "ముందు నాకు గుచ్చు, చూద్దాం" అంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఖమ్మం