కుక్క మీద పడిన నింద

2022 మార్చి నెలాఖరు. స్కాట్లండ్‌లో పిల్లల డాక్టర్లు ఒక కొత్త తీరు గమనించారు. వాంతులు, విరేచనాలతో మొదలై కొన్ని రోజులకు కళ్లు పచ్చబడుతున్నాయి. ఎక్కువమంది ఐదేళ్లు నిండని పసివాళ్లు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ వైరస్‌లకు, ఎ నుంచి ఇ దాకా, అన్ని పరీక్షలూ చేశారు, ఏదీ తేలలేదు. జులై మొదటివారానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 35 దేశాల్లో వెయ్యి కేసులు దాటింది. 22 మంది పిల్లలు చనిపోయారు.

మే నెలలో బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ నివేదికలోని ఒక అంకె పత్రికలకెక్కింది. వివరాలు దొరికిన 92 మందిలో 64 మందికి ఇంట్లో కుక్కైనా ఉంది, లేదా బయట కుక్కలతో మెలిగారు. నూటికి డెబ్బై! అయితే బ్రిటన్‌లో కుక్కను పెంచుకోవడం మామూలేనని అదే నివేదిక చెప్పింది. ఆ మాట చాలా శీర్షికల్లో కనిపించలేదు.

జంతువులను అనుమానించడం తప్పు కాదు. ఐరోపాలో సరిగా ఉడకని పంది మాంసం ద్వారా హెపటైటిస్-ఇ మనుషులకు సోకుతోంది. ఎలుకల్లో తిరిగే దాని సోదర వైరస్ 2018లో హాంకాంగ్‌లో ఒక రోగిలో బయటపడింది. తప్పల్లా, జబ్బు రాని పిల్లల ఇళ్లలో కుక్కలెన్ని ఉన్నాయో చూడకముందే నింద వేయడం.

జబ్బు ఉన్న పిల్లలను లేని పిల్లలతో అలా పోల్చి చూసింది గ్లాస్గో పరిశోధకులు, అదీ కుక్కల కోసం కాదు, వైరస్‌ల కోసం. జబ్బుపడిన 32 మందిలో 26 మంది రక్తంలో ఏఏవీ-2 అనే వైరస్ దొరికింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో అది అరుదు. అది మనుషుల్లో తిరిగేదే. తనంతట తాను పెరగలేదు, అడినోవైరస్ వంటి మరొకటి తోడుండాలి. పరీక్షించిన 27 మందిలో 25 మందికి ఒకే రకం రోగనిరోధక జన్యువు ఉంది. లాక్‌డౌన్‌లో ఇంటిపట్టునే ఉన్న పిల్లలకు ఈ వైరస్‌లన్నీ ఒక్కసారిగా ఎదురై ఉంటాయని పరిశోధకుల అంచనా. 2023లో ఇదంతా 'నేచర్'లో అచ్చయింది. కుక్క ఊసు అప్పటికి ఎవరికీ గుర్తు లేదు.

తెలుగు ఇళ్లలో పిల్లల కళ్లు పచ్చబడితే వెతకాల్సింది ముందు మంచినీళ్లలో. ఇక్కడ ఎక్కువగా కనిపించే హెపటైటిస్-ఎ, ఇ రెండూ మనుషుల మలంతో కలుషితమైన నీటి ద్వారా వచ్చేవే. 2005లో హైదరాబాద్‌లో 1,600 మందికి పైగా కామెర్లు సోకాయి. తాగునీటి పైపులు మురుగు కాలువల మీదుగా పోవడమే అందుకు కారణమని విచారణలో తేలింది. కాలువలో నానుతున్న పైపును మార్చడానికి ఏ కొత్త పరిశోధనా అక్కర్లేదు. అది పురపాలక సంఘాల పని, వాళ్లను గట్టిగా అడగాలి.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది కూడా ఉంది. కామెర్లనగానే పసరు తాగించడం, చేతికి వాత పెట్టించడం ఇంకా సాగుతున్నాయి. చాలామంది పిల్లల్లో హెపటైటిస్-ఎ దానంతటదే తగ్గుతుంది, ఆ పేరు పసరుకు వస్తుంది. కాలేయం చెడిపోతున్న బిడ్డకు మాత్రం ఆ నాలుగు రోజుల ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. కామెర్లున్న బిడ్డ మత్తుగా పడుకుని పలకకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.