నిజం చెప్పిన ప్రవాసికి బ్రోకర్ దొరకాలి

గౌరవనీయులైన సెబీ ఛైర్మన్ గారికి, భారతీయ రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి, కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ అధికారులకు, విదేశాల్లో ఉంటూ స్వదేశీ షేర్లలో మదుపు చేస్తున్న తెలుగువారు సమర్పిస్తున్న వినతిపత్రం.

హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే కుర్రాడు ఆధార్ ఓటీపీ కొట్టి, ఒక సెల్ఫీ దిగి, కూర్చున్న చోటి నుంచే డీమ్యాట్ ఖాతాకు దరఖాస్తు పూర్తి చేసేస్తున్నాడు. అదే కుర్రాడు ఉద్యోగం మీద డల్లాస్ వెళ్లి స్థిరపడితే చట్టం దృష్టిలో ప్రవాసి. ఆ సంగతి బ్రోకర్‌కు చెప్పిన రోజే అతని తిరుగుడు మొదలవుతుంది. పాత సేవింగ్స్ ఖాతాను ప్రవాసుల ఎన్నారో (ఎన్ఆర్ఓ) ఖాతాగా మార్చాలి. ప్రవాసుల హోదాతో కొత్త డీమ్యాట్ తెరిచి, ఉన్న షేర్లన్నీ అందులోకి బదలాయించుకోవాలి. అంతవరకూ వాడిన యాప్‌లో ప్రవాసులకు ఖాతాలే ఇవ్వకపోతే ఇంకో బ్రోకర్‌ను వెతుక్కోవాలి. చెప్పకుండా ఊరుకున్నవాడికి ఈ బాధలేవీ లేవు, పాత యాప్ ఎప్పట్లాగే పనిచేస్తుంది. కానీ అలా ఊరుకోవడం విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) ఉల్లంఘన. ఆ చట్టం 13వ సెక్షన్ కింద సంబంధిత మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడవచ్చు. నిబంధన తెలియక కొందరు, తెలిసినా ఈ తిరుగుడు పడలేక కొందరు ఆ ప్రమాదపు అంచున ఉన్నారు. హోదా మారిందని నిజాయితీగా చెప్పినవారి దారి సుగమం కావాలన్నది వినతిదారుల మొదటి మనవి.

బ్రోకర్‌ను ఎంచుకోవడమంటే స్థానికుడికి యాప్‌ను ఎంచుకోవడమే. ప్రవాసికి అలా కాదు, ముందు బ్యాంకు కుదరాలి. విదేశీ సంపాదనతో షేర్లు కొని, ఆ డబ్బును మళ్లీ తీసుకెళ్లగలగాలంటే విదేశీ సంపాదన జమయ్యే ఎన్నారీ (ఎన్ఆర్ఈ) ఖాతాతో పాటు పోర్ట్‌ఫోలియో పెట్టుబడి పథకం (పీఐఎస్) అనుమతి ఉండాలి. అందుకు ఒక్క బ్యాంకు శాఖనే ఎంచుకోవాలి. ప్రతి కొనుగోలూ అమ్మకమూ ఆ బ్యాంకు ద్వారా రిజర్వ్ బ్యాంకుకు చేరాలి. బ్రోకర్లేమో తమతో ఒప్పందం ఉన్న కొద్ది బ్యాంకులతోనే పనిచేస్తారు. నచ్చిన బ్రోకర్‌కు తన బ్యాంకుతో పొత్తు లేకపోతే పాత అనుమతి రద్దు చేయించుకుని, కొత్త బ్యాంకులో మళ్లీ మొదటి నుంచి కాగితాలు నింపాలి. స్వదేశంలోని అద్దెలూ డివిడెండ్లూ జమయ్యే ఎన్నారో డబ్బుతో కొన్న షేర్లకు వేరే డీమ్యాట్ కావాలి. ఏ బ్రోకర్ ఏయే బ్యాంకులతో కలిసి పనిచేస్తున్నాడో ఒక్కచోట చూపే అధికారిక పట్టిక ఉంటే సగం శ్రమ తగ్గుతుంది.

కాగితాల విషయంలో గల్ఫ్ కార్మికుల ఇబ్బంది మరీ ఎక్కువ. ఆన్‌లైన్ కేవైసీ చేసేవారి ఫోన్ భారతదేశంలోనే ఉందని జియో ట్యాగింగ్‌తో నిర్ధారించుకోవాలని సెబీ 2020 ఏప్రిల్ సర్క్యులర్‌లో షరతు పెట్టింది. మోసాల నివారణకు పెట్టిన ఆ షరతే దేశం వెలుపల ఉన్న నిజమైన ఖాతాదారును కూడా అడ్డగించింది. ఆన్‌లైన్ దారి మూసుకుపోతే మిగిలేది ధ్రువీకరించిన కాగితం ప్రతులు. ఒక దేశం ధ్రువీకరించిన పత్రాన్ని మరో దేశం గుర్తించే అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు. అందువల్ల అపోస్టిల్ ముద్ర దారి లేక, జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో అక్కడికి వెళ్లిన కార్మికుడు చాలా సందర్భాల్లో పాస్‌పోర్టు ప్రతి మీద సంతకం కోసం పనిరోజున సెలవు పెట్టి కాన్సులేట్‌కు వెళ్లాల్సి వస్తోంది. ఆ ఒక్క రోజు కూలీ, దారి ఖర్చు కలిపితే అతను నెలకు మదుపు పెట్టాలనుకున్న మొత్తంలో ఎంత మిగులుతుంది? పాత ఖాతాల పునఃధ్రువీకరణకే కాక, కొత్త ఖాతాలకూ విదేశం నుంచే వీడియో ధ్రువీకరణను అనుమతించాలని వినతిదారులు కోరుతున్నారు.

రుసుముల సంగతీ అధికారులు గమనించాలి. ప్రకటనల్లో పెద్దక్షరాలతో కనిపించే తక్కువ బ్రోకరేజీ చాలా సంస్థల్లో స్థానికులకే. ప్రవాసుల రేటు వేరే పేజీలో, ఎక్కువగా ఉంటుంది. దానికి తోడు బ్యాంకు పీఐఎస్ రుసుములు. చిన్న మొత్తాలతో కొనేవాడికి ఈ రెండూ కలిసి భారమవుతాయి. ఖాతాదారుకు ఇచ్చే ముఖ్య షరతుల పత్రాన్ని సెబీ 2024 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసింది. అది మంచి పని. ఆ పత్రానికి ప్రవాసుల కోసం ఒక పేజీ చేర్చి, బ్రోకర్, బ్యాంకు, డీమ్యాట్ ఖర్చులన్నీ కలిపి రూపాయల్లో చూపించమని మనవి.

పన్ను ఎగ్గొట్టాలని ఎవరూ అడగడం లేదు. లిస్టెడ్ షేర్లు అమ్మిన స్థానికుడికి లాభం మీద మూలంలోనే పన్ను కోత (టీడీఎస్) లేదు, ప్రవాసికి ఉంది. 2024 జూలై 23 నుంచి స్వల్పకాలిక లాభంపై 20 శాతం, దీర్ఘకాలికంపై 12.5 శాతం. ఏప్రిల్‌లో లాభానికి బ్యాంకు పన్ను కోసుకున్నాక డిసెంబరులో నష్టం వస్తే, ఎక్కువ పోయిన సొమ్ము కోసం రిటర్ను వేసి వాపసు వచ్చేదాకా ఆగాలి. అదే ఏడాది నష్టాలను టీడీఎస్ దశలోనే సర్దుబాటు చేసే పద్ధతిని బ్యాంకులన్నింటా ఒకేలా అమలు చేయాలి.

ఒకే రోజు కొని అమ్మే ఇంట్రాడే వ్యాపారం ప్రవాసులకు నిషిద్ధం. దాన్ని ఎత్తేయమని వినతిదారులు కోరడం లేదు, డెలివరీ తీసుకుని దాచుకునేవారే వారిలో ఎక్కువ. వారికి కావలసింది సమయానికి పలికే మనిషి. మన మార్కెట్ ఉదయం 9.15కు తెరుచుకునేటప్పటికి డల్లాస్‌లో వేసవిలో రాత్రి 10.45. అక్కడివారు పగలు ఫోన్ చేస్తే ఇక్కడ కాల్ సెంటర్ మూసి ఉంటుంది. భారతీయ సిమ్‌కే ఓటీపీ పంపే సంస్థల్లో సిమ్ ఆగిపోతే సొంత ఖాతాలోకే వెళ్లలేరు. ఓటీపీని విదేశీ నంబరుకూ ఈమెయిల్‌కూ పంపడం తప్పనిసరి చేయాలి. ఫిర్యాదుపై 21 రోజుల్లో చర్య నివేదిక కోరే సెబీ స్కోర్స్ వ్యవస్థలో ప్రవాసుల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం పెట్టి, బ్రోకర్‌దీ బ్యాంకుదీ తప్పు కలిసి ఉన్నప్పుడు సెబీ, రిజర్వ్ బ్యాంకు ఉమ్మడిగా విచారించే ఏర్పాటు చేయాలని ప్రార్థన.