వీసీ లెక్కలు, పాలకమండలి సంతకాలు

స్నాతకోత్సవంలో ఉపకులపతి చదివే నివేదికను రెండు మూడేళ్లు వరసగా విన్నవారికి దాని క్రమం కంఠతా వచ్చేస్తుంది. న్యాక్ గ్రేడు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు, కుదిరిన ఎంఓయూలు, స్కోపస్ జర్నళ్లలో అచ్చైన పరిశోధన పత్రాలు, కొత్త హాస్టల్ బ్లాకు, ప్లేస్‌మెంట్లలో వచ్చిన అతి పెద్ద ప్యాకేజీ. వేదిక మీద కులపతి ఉంటారు, ఎదురుగా పట్టాల కోసం వచ్చిన పిల్లలు ఉంటారు. చదివేది పిల్లల ఎదుటే అయినా, వినిపించేది మాత్రం వేదిక మీదున్నవారికే.

1926 ఏప్రిల్‌లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల పండుగలో ఇలాంటి లెక్కలకు కొదవ ఉండదు. 2023లో న్యాక్ ఆ సంస్థకు 3.74 పాయింట్లతో ఏ++ గ్రేడు ఇచ్చింది. చెప్పుకోదగ్గ సంగతే. అయితే ఏ కోర్సు తెరవాలో, ఏ శాఖ మూసేయాలో, ఉన్న కాస్త డబ్బు ప్రయోగశాలకు పెట్టాలా ప్రహరీగోడకు పెట్టాలా అన్నది ఎవరు తేల్చారు, తేల్చేముందు ఎవరిని అడిగారు అన్న ముక్క ఏ వీసీ నివేదికలోనూ అంత తేలిగ్గా దొరకదు. క్యాంపస్ ప్రగతిని కొలవాలంటే ముందుగా చూడాల్సింది అదే. ఒక్కరి చొరవతో వచ్చిన ప్రగతి ఆ ఒక్కరి పదవీకాలంతోనే సర్దుకుపోతుందని మన విశ్వవిద్యాలయాల చరిత్ర పదేపదే చూపిస్తోంది.

నివేదికలు ఇలా తయారవడానికి కారణం వీసీలు మాత్రమే కాదు, కొలబద్దలు కూడా. 2016 నుంచి ర్యాంకులు ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, విద్యార్థుల ఫలితాలకు 20, అందరికీ అవకాశానికి 10, జనాభిప్రాయానికి 10 శాతం వెయిటేజీ. సంస్థను ఎలా నడుపుతున్నారన్న దానికి విడిగా ఒక్క శాతం కూడా లేదు. న్యాక్ కొంత నయం. దాని ఏడు ప్రమాణాల్లో ఆరోది పాలన, నాయకత్వం గురించే. వికేంద్రీకరణ, అందరి భాగస్వామ్యం ఉన్నాయా అని అడుగుతుంది. కానీ ఆ ప్రశ్నకు జవాబు రాసేది కూడా పాలనలో ఉన్నవాళ్లే.

మొదట్లో ఇలా లేదు. బెజవాడలో మొదలై 1930లో విశాఖకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సెనేట్, సిండికేట్, అకడమిక్ కౌన్సిల్ అని మూడు అంగాలుండేవి. సెనేట్‌లో పట్టభద్రులు ఎన్నుకున్న సభ్యులు కూర్చునేవారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చిన రోజులవి. అంటే సంస్థ జవాబు చెప్పుకోవలసినవాళ్లు ఒక్క సర్కారులోనే కాక బయట కూడా ఉన్నారు. మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి 1930లో బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవి వదులుకున్నారు. 1936లో మళ్లీ అదే కుర్చీలోకి వచ్చి 1949 దాకా ఉన్నారు. సర్కారుతో తగువు పెట్టుకుని వెళ్లిన వ్యక్తి తిరిగి రాగలిగాడంటే కుర్చీకి సచివాలయం అవతల కూడా బలం ఉన్నట్టే లెక్క.

1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి వేరు. పాలకమండలిలో ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులు హోదా రీత్యా సభ్యులు. అధ్యాపకులు, ప్రముఖులు కూడా ఉంటారు గానీ వారిని నామినేట్ చేసేది ప్రభుత్వమే. మండలి సమావేశాల్లో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి ‘టేబుల్ అజెండా’: ముందుగా సభ్యులకు పంపకుండా అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే అంశం. రెండోది ‘ర్యాటిఫికేషన్’: అత్యవసర అధికారంతో వీసీ ముందే తీసేసుకున్న నిర్ణయానికి తరవాత వేసే ముద్ర. అత్యవసరాలు ఎక్కడైనా ఉంటాయి, కాదనలేం. ప్రతి సమావేశంలోనూ అవే ఎక్కువైతే, సభ్యుల పరిస్థితి పెళ్లిమాటలప్పుడు కబురందక భోజనాల వేళకు పిలుపొచ్చిన మేనమామలా ఉంటుంది.

ఇక్కడ ఉస్మానియా కథ ఒకటి గుర్తుచేసుకోవాలి. డి.ఎస్.రెడ్డి ఉపకులపతిగా ఉండగా 1966లో రాష్ట్ర ప్రభుత్వం ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టాన్ని వెంటవెంటనే రెండుసార్లు సవరించింది. మొదటి సవరణ వీసీ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. వీసీని తొలగించాలంటే విచారణ జరగాలని కూడా చెప్పింది. రెండో సవరణ 13-ఏ అనే సెక్షన్ తెచ్చి, అప్పటికి పదవిలో ఉన్న వీసీ 90 రోజుల్లో జరగాల్సిన కొత్త నియామకం వరకే కొనసాగుతారంది. ఆ వర్ణనకు సరిపోయే మనిషి రాష్ట్రం మొత్తం మీద ఒక్కరే! హైకోర్టులో ఓడిన రెడ్డి సుప్రీంకోర్టుకు వెళ్లారు. మిగతా వీసీలందరికీ విచారణ రక్షణ ఇచ్చి ఒక్కరికి మాత్రం లేకుండా చేయడం రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధమంటూ 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

స్వయంప్రతిపత్తి గెలిచిందని ఆ తీర్పును ఇప్పటికీ గర్వంగా తలుచుకుంటారు. నిజమే గానీ, గెలిచింది వీసీ కుర్చీ. ఆ కుర్చీ చుట్టూ ఉండాల్సిన సభల గురించి తీర్పులో తేలిందేమీ లేదు, ఆ ప్రశ్న కోర్టు ముందు లేదు కూడా. ప్రభుత్వం నుంచి విశ్వవిద్యాలయానికి స్వేచ్ఛ ఒక విషయం. విశ్వవిద్యాలయం లోపల వీసీ, అధ్యాపకులు, ఉద్యోగులు, విద్యార్థులు నిర్ణయాలను పంచుకోవడం మరొక విషయం. మన చర్చలు ఎప్పుడూ మొదటి దాని దగ్గరే ఆగిపోతాయి. సర్కారు జోక్యాన్ని నిలదీసే వీసీయే పాఠ్యప్రణాళికలు చూసే తన బోర్డ్ ఆఫ్ స్టడీస్ మాటను పక్కన పెట్టిన సందర్భాలు వెతికితే దొరక్కపోవు.

రెండో దాన్ని పకడ్బందీగా రాసుకున్న దేశం అమెరికా. అధ్యాపకుల సంఘం, కళాశాలల సమాఖ్య, పాలకమండళ్ల సంఘం కలిసి 1966లో ఒక ప్రకటన రూపొందించాయి. ఉస్మానియా గొడవ నడుస్తున్న ఏడాదే అది. పాఠ్యప్రణాళిక, బోధన, అధ్యాపకుల ఎంపిక ప్రధానంగా అధ్యాపకుల బాధ్యత. నిధులు, ఆస్తులు పాలకమండలి బాధ్యత. రెండింటినీ కలిపి నడిపించేది అధ్యక్షుడు. ఈ పంపకానికి అసలు పరీక్ష 2012 జూన్‌లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు పగ్గాలు చేపట్టిన తొలి మహిళా అధ్యక్షురాలు తెరెసా సల్లివన్‌తో పాలకమండలి సారథి హెలెన్ డ్రాగస్ రాజీనామా చేయించారు. మండలి నిండుగా కూర్చుని ఓటు వేసింది లేదు. సభ్యులతో విడివిడిగా మాట్లాడి బలం కూడగట్టుకున్నారు. జూన్ 10న ఆ వార్త బయటికి రాగానే అధ్యాపక సెనేట్ మండలి మీదే అవిశ్వాసం ప్రకటించింది. వేలమంది క్యాంపస్ పచ్చిక మీదికి చేరారు. జూన్ 26న అదే మండలి ఏకగ్రీవంగా సల్లివన్‌ను తిరిగి నియమించింది.

పదహారు రోజుల్లో నిర్ణయం తిరగబడటానికి సల్లివన్ జనాకర్షణ ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. మాట్లాడటానికి అధ్యాపకులకు ఒక సభ ఉంది, ఆ సభ మాటకు ఒక విలువ ఉంది.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనుకోనక్కర్లేదు. 2023లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో అధ్యక్షుడు గోర్డన్ గీ మీద అధ్యాపకులు 797–100 ఓట్లతో అవిశ్వాసం తెలిపారు. పాలకమండలి వినలేదు. లోటు పేరు చెప్పి 28 కోర్సులకు, 143 అధ్యాపక ఉద్యోగాలకు కోత పెట్టింది. మన పిల్లలు పెద్దసంఖ్యలో చదువుకుంటున్న టెక్సాస్‌లో 2025లో వచ్చిన ఎస్‌బీ 37 చట్టం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల అధ్యాపక సెనేట్లను సలహా సంఘాల స్థాయికి దించి, పాఠ్యాంశాల మీద పాలకమండళ్ల పట్టు పెంచింది. అక్కడ ఉన్నది ఊడుతోంది. ఇక్కడ ఊడటానికైనా ఉండాలి కదా!

పూర్తిగా లేదనడానికీ వీల్లేదు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం దగ్గర వివాదంలో ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు జరిగిన ఒక చిన్న ఘటన మీద జనం దృష్టి పెద్దగా పడలేదు. హద్దుల గుర్తింపునకు విశ్వవిద్యాలయం కూడా సమ్మతించిందన్నట్టుగా ప్రభుత్వ సంస్థ ప్రకటించింది. రిజిస్ట్రార్ దాన్ని ఖండిస్తూ, విశ్వవిద్యాలయ భూమిని బదలాయించాలంటే పాలకమండలి అనుమతి ఉండాలని, ఆ మండలిలో విజిటర్ హోదాలో రాష్ట్రపతి నామినేట్ చేసిన సభ్యులుంటారని గుర్తుచేశారు. 1974 చట్టం ఇచ్చిన కంచె అది. అదే భూవివాదంలో ప్రభుత్వం చూపిన పాత కాగితం కూడా ఆలోచింపజేస్తుంది. 2004 ఫిబ్రవరిలో 534 ఎకరాల చిల్లర అప్పగించి, బదులుగా గోపనపల్లిలో 397 ఎకరాలు తీసుకున్న ఒప్పందమది. ఇరవై ఏళ్ల కిందటి సంతకానికి ముందు క్యాంపస్‌లో ఎంతమందిని అడిగారో గానీ, 2025లో విద్యార్థులు తమంతట తాముగా వీధికెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. సభలో దొరకని చోటు రోడ్డు మీద వెతుక్కోవాల్సి రావడం ఏ విశ్వవిద్యాలయానికీ శోభ కాదు.

అందరినీ అడుగుతూ కూర్చుంటే పని జరగదని, సెనేట్లంటే కులాల లెక్కలు, ముఠాలు, క్యాన్వాసింగేనని వాదించేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఎన్నికైన సభలు పోయాక రాజకీయం పోయిందా? అన్నీ కలిసి ఒక్క చిరునామాకు చేరాయి, అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక 17 మంది వీసీలు రాజీనామా చేశారు. వారి స్థానాల్లో తొమ్మిది మంది నియామకం 2025 ఫిబ్రవరిలో జరిగింది. తెలంగాణలో 2019లో వీసీల గడువు తీరితే 2021 మేలో గానీ కొత్తవారు రాలేదు. మళ్లీ 2024 మేలో ఖాళీ అయిన కుర్చీలు అక్టోబరుదాకా ఐఏఎస్ అధికారుల ఇన్‌ఛార్జి పాలనలో నడిచాయి. ఇన్‌ఛార్జి వీసీ జీతాల ఫైలు కదిలించగలరు. పదేళ్ల ప్రణాళిక మీద సంతకం పెట్టలేరు, పెట్టకూడదు కూడా. గట్టి అకడమిక్ సెనేట్, పనిచేసే పాలకమండలి ఉంటే ఆ నెలలు అంత వృథా అయ్యేవి కావు.

దీనికి తోడు మాట్లాడాల్సినవాళ్ల నోరు మరో దారిలో మూతపడింది. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దానికి పైగా శాశ్వత నియామకాలు లేక పాఠాలు చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద నడుస్తున్నాయి. ఏటా రెన్యువల్ ఆర్డరు కోసం ఎదురుచూసే మనిషి సమావేశంలో లేచి ‘ఈ కోర్సు వద్దు సార్’ అని ఎలా అంటాడు? ఉమ్మడి నియామక బోర్డు పేరుతో 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లు గవర్నర్ దగ్గర నిలిచిపోయింది. అది నిలిచిందా నడిచిందా అన్న రాజకీయమే వార్తలకెక్కింది. తమ సహోద్యోగిని ఎంచుకునే పని శాఖల చేతి నుంచి జారిపోతోందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. విద్యార్థి సంఘాల ఎన్నికలు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆగిపోయి ఒక తరం గడిచింది. అధ్యాపకుడు మాట్లాడలేని చోట విద్యార్థి ప్రతినిధి అసలు లేడు.

ఇంత పెద్ద సంస్కరణ వీసీ ఒక్కరి చేతిలో లేదన్నది నిజం. కానీ ఆయన నివేదిక ఆయన చేతిలోనే ఉంది. ఈ ఏడాది పాలకమండలి ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని అంశాలు టేబుల్ అజెండాగా వచ్చాయి, బోర్డ్ ఆఫ్ స్టడీస్ తిప్పిపంపిన ప్రతిపాదనలేవి, ఆడిట్ అభ్యంతరాల్లో తీరినవెన్ని, తీరనివెన్ని అన్నవి చెప్పడానికి కొత్త చట్టం అవసరం లేదు. పాత చట్టమే ఉంది. సంస్థలోని మండళ్లు, కమిటీల వివరాలు, వాటి సమావేశాల మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయో లేదో ఎవరూ అడగకుండానే ప్రకటించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది.

వీసీల ఎంపిక మీద 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా నిబంధనలు రాష్ట్రాలకు, ఢిల్లీకి మధ్య పెద్ద రగడే రేపాయి. సెర్చ్ కమిటీలో రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధికి చోటు లేకుండా చేశారన్నది ముఖ్యమంత్రుల అభ్యంతరం. కేరళ, తమిళనాడు, తెలంగాణ గట్టిగానే మాట్లాడాయి. కులపతి ప్రతినిధి ఒకరు, యూజీసీ ప్రతినిధి ఒకరు పోగా ముసాయిదాలో మూడో కుర్చీ ఒకటుంది. విశ్వవిద్యాలయం సొంత పాలకమండలి పంపే వ్యక్తిది అది. 1991 చట్టంలోనూ అలాంటి కుర్చీ ఉంది. ఢిల్లీ, రాష్ట్రాల తగువులో దాని ప్రస్తావన ఎవరూ తేలేదు. ఆ వ్యక్తిని పంపాల్సిన మండలి సభ్యులను మన రాష్ట్రాల్లో నామినేట్ చేసేది ఎలాగూ ప్రభుత్వమే.