ఏటా ఒక లక్ష

భిలాయిలోని తెలుగువారింట చదువుల ప్రస్తావన వస్తే ప్రభుత్వం ఏమిచ్చిందన్నదే ప్రశ్న. ఇచ్చింది కూడా: 2016లో ఐఐటీ వచ్చింది. ఇక్కడి నుంచి దక్షిణంగా బస్తర్ దాటితే ఒడిశాలోని జయపురం. ఆ సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ మాత్రం తానే ఇచ్చారు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్స్, టెక్నాలజీ చదువులకు ఏటా లక్ష రూపాయలు. ఆ కళాశాల ఆయన పేరుతోనే నడిచింది.

ఒక్కసారి విరాళమిస్తే భవనం లేస్తుంది. ప్రయోగశాల నడవాలంటే, అధ్యాపకుడికి జీతమందాలంటే సొమ్ము ఏటా రావాలి. 1951లో కన్నుమూసిన ఆ దాత గొప్పదనం అక్కడుంది.

అయితే ఆ లక్షల వెనుక కొరాపుట్ కొండల రైతుల శిస్తు, అడవి రాబడి ఉన్నాయి. పూర్వ విద్యార్థులు ఏటా ఒక్కో గిరిజన విద్యార్థి ఫీజు కడితే ఆ రుణం కొంతైనా తీరుతుంది.