మార్కుల పట్టీయు నల్లకోటును

మహానగరములలోని న్యాయవాద సంస్థలలో ననేకములు క్రొత్త పట్టభద్రుని మొదట నడుగునది మార్కుల పట్టీ. తామేర్పరచుకొన్న యంకెకు దిగువనున్న దరఖాస్తు చదువబడకయే మూలకు చేరును. దీనికి వారు పెట్టిన పేరు ప్రతిభాన్వేషణము. ఇది శ్రమ తప్పించుకొనుటయే గాని ప్రతిభను వెదకుట కాదని నా వాదము.

శాసనము కోరునదేమి? భారత బారు కౌన్సిలు 2010లో అఖిలభారత బారు పరీక్షను నిర్బంధము చేసెను. అట్టి పరీక్ష పెట్టు నధికారము దానికి గలదని 2023 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పెను. ఆ పరీక్ష కోరునది ఉత్తీర్ణతయే, ప్రథమశ్రేణి కాదు. కోర్టులో వాదింప నర్హుడని శాసనమంగీకరించినవాని మాట వినుటకైనను సంస్థ లొల్లకుండుట యెట్టి న్యాయము?

దరఖాస్తులు కుప్పలుగా వచ్చినచోట జల్లెడ వలదా యందురు. వలయును. కాని జల్లెడలో నిలుచునది గింజయో పొట్టో చూచుకొనవలదా? నేను బడిపంతులను, మార్కులు వేయుట నా నిత్యకృత్యము. మార్కు జ్ఞాపకశక్తిని, వ్రాతవేగమును కొలుచును. ఆంగ్లమున వ్రాయవలసినచోట ఆంగ్లమునే మిక్కిలిగా కొలుచును. పూతలపట్టు వంటి చోట తెలుగుబడిలో చదివి, తన యింట తొలి పట్టభద్రుడగు బాలునికి మొదటి సంవత్సరములు చట్టముతో గాక భాషతో పెనుగులాడుటలో గడచును. ఆ పెనుగులాట పట్టీలో తక్కువ యంకెగా కనబడునే గాని యోర్పుగా కనబడదు. అయినను చిత్తూరు కోర్టుకు వచ్చిన రైతు తన గట్టుతగాదా చెప్పునపుడు, అడంగలులో నెవరి పేరున్నది, పాసుపుస్తకమెప్పుడు మారినది అని యడుగుట వానికే ముందు తోచును.

1891లో లండనున బారిష్టరైన గాంధీ, బొంబాయి చిన్న వ్యాజ్యముల కోర్టులో సాక్షిని ప్రశ్నింప లేచి నోరు పెగలక కూర్చుండెను. ఆయనయే దక్షిణాఫ్రికాలో దాదా అబ్దుల్లా వ్యాజ్యమునకై జమాఖర్చులు నేర్చి, వాస్తవముల నెరుగుటయే న్యాయశాస్త్రమున ముప్పాతిక పాలని గ్రహించెను. మన టంగుటూరి ప్రకాశము రాజమహేంద్రవరమున రెండవతరగతి ప్లీడరు. హైకోర్టులో వాదించు నర్హత యా తరగతికి లేదు. 1904లో ఇంగ్లండునకు పోయి, బారిష్టరై వచ్చి, మద్రాసు హైకోర్టులో పేరు గాంచెను. రెండవతరగతి పట్టాదే గాని మనుష్యునిది కాదు.

కాబట్టి సంస్థల వారికి నా విన్నపము. అభ్యర్థుల పేర్లును, కళాశాలలును, మార్కులును కప్పి, అందరికి నొకే కాగితముల కట్ట నిండు. తేదీల వరుసయు, దావా చిత్తుప్రతియు వ్రాయుడనుడు. అందు నెగ్గినవానిని జీతమిచ్చి కొన్ని నెలలు చూడుడు. ఉచితముగా చాకిరి చేయించుకొనుట శిక్షణము కాదు.

విద్యార్థులారా, మార్కులు దాచుమను హితబోధకులను నమ్మకుడు. సత్యము చెప్పింపవలసిన వృత్తిలో తొలి కాగితమే కపటమగునా? అడిగినపుడు అంకె చెప్పుడు. వెంటనే మీ పని చూపుడు. ఒక తీర్పును చదివి తెలుగునను ఆంగ్లమునను ఒక్కొక్క పుటలో సంగ్రహింపుడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పనులలో చేయి కలుపుడు. వాయిదాలకు పోయి కూర్చుండి వినుడు.

వ్యాజ్యము గెలిచిన రైతు తన వకీలు మార్కులెన్నియని యడుగడు. ఓడినవాడును అడుగడు.