బిల్లు లేని సర్వీసు

"సింగిల్ ఓనర్ సార్, బండి సూపర్ కండిషన్" అంటాడు బ్రోకరు. సర్వీసు బిల్లులు అడిగితే మాత్రం నాలుగు చూపించి, మిగతావి ఇల్లు మారినప్పుడు పోయాయంటాడు. పోతే పోయాయి, బిల్లు లేని సర్వీసు జరగనట్టే లెక్క కట్టాలన్నది నా వాదన. ఇంజనాయిలు, ఫిల్టర్లు ఎవరైనా మార్పిస్తారు. అసలు భయం టైమింగ్ బెల్టుతోనే. పాత డీజిల్ డస్టర్‌నే తీసుకోండి. దాని 1.5 లీటర్ల ఇంజనులో ఉన్నది చైను కాదు, బెల్టు. అది తిరిగిన కిలోమీటర్లతోనే కాదు, వయసుతోనూ పాడవుతుంది. కాబట్టి మీటరు తక్కువ చూపించిందని (దాన్ని వెనక్కి తిప్పే చేతులకు మన దగ్గర కొదవేం లేదు) నిశ్చింతగా ఉండలేం. పరుగులో తెగిందా, పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. ఆ రిపేరు ముందు కొత్త బెల్టు కిట్టు ఖర్చు చిల్లరే. బ్రేక్ ఆయిలు తేమ పీల్చుకునే రకం, అదీ మార్చేయండి. టైరు వయసుకైతే ఎవరి మాటా అక్కర్లేదు, దాని పక్క గోడ మీదే ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఇంజన్ ఫ్లష్ కొడదామని మెకానిక్ ఉత్సాహపడితే మాత్రం వద్దనండి. ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడొచ్చు. బదులుగా మొదటి రెండుసార్లు ఆయిలు గడువుకు ముందే మార్చండి. ఈ ఖర్చంతా బేరంలోనే తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి.